‘క్రీప్’ తర్వాత రేడియోహెడ్ ఎందుకలా మారిపోయింది?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ ‘క్రీప్’ పాటంటే మీకు ప్రాణం. అది విని, అదే బ్యాండ్ కదా అని ‘కిడ్ ఎ’ ఆల్బమ్ పెట్టుకుంటే పది నిమిషాల్లో ఆపేయాలనిపించింది. హిట్టిచ్చిన దారి వదిలేసి వాళ్ళెందుకలా పోయారు, పోయినా అంత పేరు ఎలా నిలిచింది, మీరు ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి?

గిటార్ నేర్పడం నా పని కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. నేర్చుకోడానికి వచ్చే పిల్లల్లో సగం మంది ‘క్రీప్’ కోసమే వస్తారు.

ఈ ప్రశ్నకి ఇంటర్నెట్టులో దొరికే రెడీమేడ్ జవాబు ఒకటుంది: వాళ్ళు తిరుగుబాటుదారులు, పేరంటే గిట్టదు, అందుకే జనానికి నచ్చిందల్లా వదిలేశారు అని. వినడానికి బాగుంటుంది గానీ నేను ఒప్పుకోను. 1985లో స్కూల్లో కలిసిన ఆ ఐదుగురే ఇవాళ్టికీ ఆ బ్యాండ్. 1991లో ఉన్న మేనేజర్లే ఇప్పటికీ మేనేజర్లు. సౌండ్ చూసే నైజెల్ గాడ్రిచ్ 1994 నుంచి వాళ్ళతోనే ఉన్నాడు, అట్టల మీద బొమ్మలు వేసే స్టాన్లీ డాన్‌వుడ్‌దీ అదే కథ. రికార్డు కంపెనీతో చేసుకున్న ఆరు ఆల్బమ్‌ల ఒప్పందాన్ని మధ్యలో తెంచుకోకుండా ఆరూ ఇచ్చాకే బయటికొచ్చారు. రాక్ చరిత్రలో ఇంత నిలకడగా కాపురం చేసిన బ్యాండ్లు చాలా తక్కువ. సంగీతంలో అంత తెగింపు చూపించగలిగారంటే కారణం ఆ నిలకడే అని నా అభిప్రాయం.

మొదటి నుంచీ చెప్తాను. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కన అబింగ్డన్ అనే ఊళ్ళో మగపిల్లల స్కూలు. గాయకుడు థామ్ యార్క్, గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్, డ్రమ్మర్ ఫిల్ సెల్వే, బేస్ వాయించే కాలిన్ గ్రీన్‌వుడ్, అతని తమ్ముడు జానీ. శుక్రవారాలు స్కూలు మ్యూజిక్ రూములో ప్రాక్టీసు చేసేవాళ్ళు కాబట్టి బ్యాండ్ పేరు ‘ఆన్ ఎ ఫ్రైడే’. జానీ అందరికన్నా చిన్నవాడు. ముందు మౌత్ ఆర్గానూ కీబోర్డూ వాయించి, ఆ తర్వాత గిటార్ పట్టాడు. కాలేజీ చదువులకి తలో ఊరూ వెళ్ళినా సెలవుల్లో కలిసి వాయించడం మానలేదు. చదువులయ్యాక కాలిన్ ఒక రికార్డుల షాపులో పనికి చేరాడు. అక్కడికి వచ్చిన ఈఎంఐ మనిషి చేతిలో వీళ్ళ టేపు పెట్టాడు. (ఈఎంఐ అంటే నెల నెలా కట్టేది కాదులెండి, రికార్డు కంపెనీ.) 1991 చివర్లో ఒప్పందం కుదిరింది. బ్యాండ్ పేరు మార్చమని కంపెనీ అంటే, టాకింగ్ హెడ్స్ అనే బ్యాండ్ వాళ్ళ ‘రేడియో హెడ్’ పాట పేరు తీసి పెట్టుకున్నారు.

ఇక ‘క్రీప్’. 1992లో అమెరికన్ ప్రొడ్యూసర్లు ఇద్దరితో వేరే పాటలు రికార్డు చేస్తూ, మధ్యలో చేయి తిరగడానికి దీన్ని వాయించారు. ఆ ఇద్దరూ మొదట ఇది ఎవరిదో పాత పాట అనుకున్నారట. మళ్ళీ వాయించమని టేపు తిప్పారు. ఆ టేకే దాదాపుగా మనం వింటున్న పాట.

దాని నిర్మాణం ఒకసారి చూడండి. నాలుగే కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు): జీ మేజర్, బీ మేజర్, సీ మేజర్, సీ మైనర్. పాట మొదటి నుంచి చివరిదాకా ఇవే, ఇదే వరసలో. చరణానికి ఒకటి, పల్లవికి ఒకటి అని లేదు. జీని షడ్జమంగా పెట్టుకుంటే, సీ మేజర్‌లో ఉన్న చతుశ్రుతి ధైవతం సీ మైనర్‌లో శుద్ధ ధైవతానికి దిగుతుంది. ఆ ఒక్క స్వరం దిగడంలోనే గుండె జారినట్టుండేది అంతా ఉంది. ఇదే నడక 70ల్లో హాలీస్ అనే బ్యాండ్ హిట్ చేసిన ‘ది ఎయిర్ దట్ ఐ బ్రీద్’లోనూ ఉంది, అందుకే ఆ పాట రాసిన ఆల్బర్ట్ హామండ్, మైక్ హేజిల్‌వుడ్ పేర్లు కూడా ‘క్రీప్’ రచయితల జాబితాలోకి చేరాయి. ఇక కార్డ్స్ మారకుండా పాట ఎలా ఎగురుతుందంటారా, పల్లవికి ముందు జానీ తీగల్ని చేత్తో నొక్కిపెట్టి రెండుసార్లు ‘కర్ కర్’ మనిపిస్తాడు చూడండి, అక్కడ. పాట మరీ మెత్తగా ఉందని అతనికి నచ్చలేదు, అందుకని అలా బాదాడు. ఆ బాదుడే పాటని నిలబెట్టింది. నా దగ్గరికొచ్చే పిల్లలకి కార్డ్స్ అరగంటలో వచ్చేస్తాయి. ఆ రెండు దెబ్బలు సరిగ్గా పడ్డానికి మాత్రం వారాలు పడుతుంది.

1992 సెప్టెంబరులో విడుదలైతే బ్రిటన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. ఆరు వేల కాపీలు, చార్టులో 78వ స్థానం. బీబీసీ రేడియో 1 వాళ్ళు మరీ దిగులుగా ఉందని పక్కన పెట్టారు. ముందు పట్టుకున్నది ఇజ్రాయెల్ రేడియో, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక స్టేషను. అలా ఊళ్ళన్నీ తిరిగి 1993లో మళ్ళీ బ్రిటన్‌కి వస్తే 7వ స్థానం. మొదటి ఆల్బమ్ ‘పాబ్లో హనీ’ దీని వెనక వేలాడుకుంటూ అమ్ముడుపోయింది. నిజం చెప్పాలంటే అది మామూలు ఆల్బమ్. అప్పట్లో అలాంటి గిటార్ బ్యాండ్లు వీధికి ఒకటి ఉండేవి.

ఇక్కడ వాళ్ళకి పట్టుకున్న బెంగ అర్థం చేసుకోవాలి. అమెరికాలో రోజుకో ఊళ్ళో కచేరీ, వచ్చిన జనం ఆ ఒక్క పాట విని లేచిపోవడం. రెండేళ్ళు ఇదే వరస. 1994లో లండన్‌లో రెండో ఆల్బమ్‌కి కూర్చున్నప్పుడు, ‘క్రీప్’కి దీటైన సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) ఇంకోటి ఎప్పుడిస్తారని కంపెనీ ఒత్తిడి. పని ముందుకి సాగలేదు. ప్రొడ్యూసర్ జాన్ లెకీతో చేస్తున్న సెషన్లు ఆపి టూరుకెళ్ళి, పాటల్ని స్టేజీ మీద వాయించి పదును పెట్టుకొని వచ్చారు. ‘మై ఐరన్ లంగ్’ అనే పాట సంగీతం లండన్ ఆస్టోరియాలో జరిగిన కచేరీ టేపులోదే. స్టూడియోలో థామ్ గొంతు ఒక్కటీ మళ్ళీ పాడి అతికారు. ఆ పాట ఎవరి మీదనుకున్నారు? ‘క్రీప్’ మీదే. ఐరన్ లంగ్ అంటే ఊపిరాడని రోగిని పడుకోబెట్టి శ్వాస ఆడించే యంత్రం. బతికించేదీ అదే, మంచానికి కట్టిపడేసేదీ అదే అని.

1995లో ‘ది బెండ్స్’ వచ్చింది. మీకు గిటార్లూ గుండె బరువూ కావాలంటే వాళ్ళ ఉత్తమమైన పని ఇదే. అమెరికాలో సరిగ్గా పోలేదు, బ్రిటన్‌లో నెమ్మదిగా పుంజుకుంది. ఈ ఆల్బమ్‌కి ఇంజనీరుగా పనిచేసిన కుర్రాడే నైజెల్ గాడ్రిచ్. అదే ఏడాది సెప్టెంబరులో బోస్నియా పిల్లల సహాయార్థం వేసిన ఆల్బమ్ కోసం ‘లక్కీ’ అనే పాటని అతనితో కలిసి ఐదు గంటల్లో రికార్డు చేశారు. పెద్ద ప్రొడ్యూసరూ పెద్ద స్టూడియో లేకుండా మనమే చేసుకోవచ్చన్న ధైర్యం అక్కడ వచ్చింది.

‘ఓకే కంప్యూటర్’ అలాగే చేశారు. కంపెనీ ఇచ్చిన లక్ష పౌండ్లతో సొంత సామగ్రి కొనుక్కొని, బాత్ ఊరి దగ్గర నటి జేన్ సేమూర్ బంగళా సెయింట్ క్యాథరిన్స్ కోర్ట్ అద్దెకి తీసుకొని, 1996లో అందులో దిగారు. స్టూడియోలో ఉండే గాజు గోడలూ గంటల లెక్కలూ లేవు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’ పాటలో గొంతు చుట్టూ వినిపించే ప్రతిధ్వని ఏ యంత్రమూ ఇచ్చింది కాదు, ఆ ఇంటి రాతి మెట్ల దగ్గర నిలబడి పాడితే వచ్చింది. ‘లెట్ డౌన్’ని తెల్లవారుజామున మూడింటికి పెద్ద హాల్లో రికార్డు చేశారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని వింటే ఆ గదుల వైశాల్యం తెలుస్తుంది.

పూర్తయ్యాక అమెరికన్ శాఖకి పంపితే వాళ్ళు గతుక్కుమన్నారు. రేడియోలో వేసే పాట ఏదీ కనబడక, ఇరవై లక్షలు అమ్ముతామన్న అంచనాని ఐదు లక్షలకి దించేశారు. మొదటి సింగిల్ ‘పారనాయిడ్ ఆండ్రాయిడ్’ ఆరున్నర నిమిషాలు. పల్లవీ లేదు, ముక్క ముక్కకీ వేగం మారిపోతుంది. అది బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్ళింది, 1997 జూన్‌లో ఆల్బమ్ 1వ స్థానానికి. అదే నెలలో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవం. స్టేజీ మీద మానిటర్లు చచ్చిపోయి, తాము ఏం వాయిస్తున్నామో తమకే వినబడక థామ్ మధ్యలో దిగిపోబోయాడు. ఆ కచేరీనే ఆ పండుగ చరిత్రలో గొప్పవాటిలో ఒకటిగా ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది గ్రామీ.

మీ అసలు ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఏడాది పైగా టూరు తిరిగి వచ్చేసరికి థామ్ పూర్తిగా అరిగిపోయాడు. గిటార్ పట్టుకుంటే పాట రావట్లేదు. రేడియో పెడితే తమలాగే వాయించే బ్యాండ్లు. వార్ప్ కంపెనీ వేసే ఎఫెక్స్ ట్విన్, ఆటెకర్ లాంటి ఎలక్ట్రానిక్ సంగీతం వింటూ కూర్చున్నాడు. 1999లో పారిస్, కోపెన్‌హాగెన్, గ్లౌసెస్టర్‌షైర్, చివరికి ఆక్స్‌ఫర్డ్‌లో సొంత స్టూడియో – ఊళ్ళు మారాయి గానీ పాటలు తేలలేదు. ముగ్గురు గిటార్ వాయించే బ్యాండులో గిటార్ అవసరం లేదంటే మిగతావాళ్ళు ఏం చేయాలి? ఒక దశలో, బయటికి వదలదగ్గ ఆల్బమ్ రాకపోతే విడిపోదాం అని కూడా అనుకున్నారు. గాడ్రిచ్ ఒక కిటుకు చెప్పాడు: రెండు జట్లుగా విడిపోండి, ఒక జట్టు గిటార్లూ డ్రమ్సూ ముట్టకుండా ఏదో ఒక శబ్దం పుట్టించాలి, రెండో జట్టు దాన్ని పెంచాలి.

‘ఇడియటెక్’ పాట పుట్టుక చూస్తే వాళ్ళ పద్ధతి తెలుస్తుంది. జానీ సింథసైజర్లతో యాభై నిమిషాలు ఏవేవో శబ్దాలు రికార్డు చేసి థామ్‌కి ఇచ్చాడు. అందులో నిమిషం కూడా లేని ఒక ముక్క దగ్గర థామ్ ఆగాడు. దాంట్లో ఉన్న నాలుగు కార్డ్స్ జానీవి కావు. పాల్ లాన్‌స్కీ అనే అమెరికన్ స్వరకర్త 1973లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కంప్యూటరు మీద చేసిన రచనలోవి. ఆయన్ని అడిగి, అనుమతి తీసుకొని, పేరు వేసి వాడుకున్నారు. అక్కడి నుంచి పాట మొత్తం కట్టారు. అంటే గిటారిస్టు ఇక్కడ ఖాళీగా లేడు, పని మారింది. జానీ ఓండ్ మార్తెనో అనే 1920ల నాటి ఫ్రెంచి ఎలక్ట్రానిక్ వాద్యం నేర్చుకున్నాడు, తంత్రీవాద్యాల స్వరరచన చేశాడు. ‘హౌ టు డిసప్పియర్ కంప్లీట్లీ’లో వినిపించే ఆర్కెస్ట్రా అతను రాసిందే, ఆక్స్‌ఫర్డ్ దగ్గర డార్చెస్టర్‌లో ఒక పాత చర్చిలో రికార్డు చేశారు.

చాలామంది దాటేసే విషయం ఒకటి చెప్పాలి. వాళ్ళ పాటల కింద ఐదుగురి పేర్లూ పడతాయి, వాయించినా వాయించకపోయినా. ‘ఈ పాటలో నా గిటార్ లేదు, నా వాటా పోయింది’ అనే గొడవే పుట్టదు. చాలా బ్యాండ్లు సరిగ్గా ఈ లెక్కల దగ్గరే విరిగిపోయాయి. ‘కిడ్ ఎ’ లాంటిది చేసి కూడా ఆ ఐదుగురూ కలిసే ఉన్నారంటే ఈ ఏర్పాటుకి సగం మార్కులు వేస్తాను.

2000 అక్టోబరులో ‘కిడ్ ఎ’ వచ్చింది. సింగిల్ లేదు, వీడియో లేదు, మామూలు ఇంటర్వ్యూలూ పెద్దగా లేవు. విడుదలకి ముందే, జనం ఇంటర్నెట్టులో పాటలు ఉచితంగా పంచుకునే నాప్‌స్టర్‌లోకి పాకిపోయింది. అమ్మకాలు మునిగిపోతాయని అందరూ అనుకుంటే, అమెరికాలో ఏకంగా 1వ స్థానం. అక్కడ వాళ్ళకి అదే మొదటిసారి. విమర్శకుల్లో కొందరు అప్పుడు చీల్చి చెండాడారు, తర్వాత అదే ఆల్బమ్‌ని దశాబ్దపు మేటి వాటిలో చేర్చారు. మీకు పది నిమిషాల్లో ఆపేయాలనిపించడం తప్పేం కాదు, అప్పుడు చాలామందికి అలాగే అనిపించింది. అదే సెషన్లలో మిగిలిన పాటలు 2001లో ‘అమ్నీసియాక్’గా వచ్చాయి. ‘మిగిలినవి’ అన్నానని చిన్నచూపు చూడకండి, ‘పిరమిడ్ సాంగ్’ ఉన్నది అందులోనే.

2003లో ‘హెయిల్ టు ద థీఫ్’తో ఈఎంఐ ఒప్పందం పూర్తయింది. మంచి పాటలున్నాయి, కానీ పద్నాలుగు పాటలు ఎక్కువ. నాలుగు కోసేసి ఉంటే ఇంకా పదునుగా ఉండేది.

తర్వాతి మలుపు పాటలకన్నా వ్యాపారానికి సంబంధించినది. కంపెనీ లేదు, గడువు లేదు. విల్ట్‌షైర్‌లో టాటెన్‌హామ్ హౌస్ అనే శిథిలావస్థలో ఉన్న పాత బంగళాలో కొంత పని, మిగతాది వేరేచోట్ల. 2007 అక్టోబరు 1న జానీ వాళ్ళ వెబ్‌సైటులో నాలుగు ముక్కలు రాశాడు: ఆల్బమ్ అయిపోయింది, పది రోజుల్లో వస్తుంది అని. 10వ తేదీన ‘ఇన్ రెయిన్‌బోస్’ వచ్చింది, ధర మీ ఇష్టం. సున్నా కొట్టినా పాటలు దిగుతాయి. డబ్బు కట్టేవాళ్ళకి మాత్రం 45 పెన్నీలు కార్డు రుసుము. పక్కనే 40 పౌండ్లకి రికార్డులూ పుస్తకం ఉన్న పెట్టె. ఏడాది చివర్లో దుకాణాలకి సీడీలు వెళ్తే, ఉచితంగా దొరికిన ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ 1వ స్థానానికి వెళ్ళింది.

‘ఇంక కంపెనీలతో పని లేదు, ఏ బ్యాండయినా ఇలా చేసుకోవచ్చు’ అని అప్పుడు పెద్ద హడావుడి జరిగింది. నేను నమ్మను. ఆ పది రోజుల్లో ప్రపంచమంతా వాళ్ళ వెబ్‌సైటుకి ఎగబడిందంటే, వెనక పన్నెండేళ్ళ పాటు ఈఎంఐ డబ్బుతో పెరిగిన పేరుంది. పేరు లేనివాళ్ళు ‘మీ ఇష్టమొచ్చినంత ఇవ్వండి’ అంటే జనం ఇచ్చేది ఎంతో మనకి తెలుసు. వాళ్ళు కూడా ఆ పద్ధతిని మళ్ళీ వాడలేదు. అప్పటికే చేతులు మారిన ఈఎంఐ మాత్రం ఊరుకోకుండా డిసెంబరులో వాళ్ళ పాత ఆల్బమ్‌లన్నీ పెట్టెలో కట్టి అమ్మింది. మంచి గడుసు ఎత్తు.

2011 ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’ ఎనిమిది పాటలు, 37 నిమిషాలు. నాకు ఆల్బమ్ కన్నా అదే పాటల్ని రెండో డ్రమ్మర్ క్లైవ్ డీమర్‌తో వాయించిన లైవ్ వీడియోలు ఇష్టం. 2012 జూన్ 16న టొరంటోలో కచేరీకి ముందు స్టేజీ కూలి వాళ్ళ డ్రమ్ టెక్నీషియన్ స్కాట్ జాన్సన్ చనిపోయాడు. ఆ దెబ్బ నుంచి తేరుకోడానికి టైము పట్టింది. 2016లో ‘ఎ మూన్ షేప్డ్ పూల్’: ఆర్కెస్ట్రా నిండిన ఆల్బమ్, పదకొండు పాటలూ ఇంగ్లీషు అక్షరక్రమంలో.

వివాదం లేదని కాదు. 2017లో, పాలస్తీనీయుల పట్ల ఇజ్రాయెల్ తీరుకి నిరసనగా టెల్ అవీవ్‌లో వాయించొద్దని ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ, పింక్ ఫ్లాయిడ్ రోజర్ వాటర్స్ లాంటివాళ్ళు బహిరంగంగా అడిగినా వాళ్ళు వెళ్ళి వాయించారు. దాన్ని క్షమించని అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కథ చెప్తూ ఇది దాచడం సరికాదు.

2018 తర్వాత తలోదారి పట్టారు. థామ్, జానీ ‘ది స్మైల్’ అనే ఇంకో బ్యాండ్ పెట్టి మూడు ఆల్బమ్‌లు చేశారు. జానీ సినిమా సంగీతంలో స్థిరపడ్డాడు, ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చాయి. మన దేశంతో నిజమైన ముడి కూడా అతనిదే. 2015లో జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్ కోటలో ఇజ్రాయెలీ స్వరకర్త షై బెన్ జూర్, రాజస్థానీ కళాకారులు, కవ్వాలీ గాయకులతో కలిసి ‘జునూన్’ ఆల్బమ్ చేశాడు. అందులో అతను ముందుకి రాడు, వెనక కూర్చొని గిటార్ లాంటివి వాయిస్తాడు, అంతే. బయటినుంచి వచ్చి మన సంగీతాన్ని అలంకారంగా వాడుకునేవాళ్ళతో పోలిస్తే ఎంతో మర్యాదైన పని. విడిపోయారేమో అనుకుంటుండగా ఏడేళ్ళ తర్వాత 2025 నవంబరులో మాడ్రిడ్‌లో మొదలుపెట్టి ఐదు యూరప్ నగరాల్లో కచేరీలు ఇచ్చారు, అదే ఐదుగురు. కొత్త ఆల్బమ్ ఏదీ లేకుండానే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటారా. ‘క్రీప్’ నచ్చింది కాబట్టి ముందు ‘ది బెండ్స్’, అందులోనూ ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’. తర్వాత నేరుగా ‘ఇన్ రెయిన్‌బోస్’కి వెళ్ళండి, వాళ్ళు నేర్చుకున్న ఎలక్ట్రానిక్ విద్యంతా గిటార్లతో కలిసిపోయి, చెవికి హాయిగా ఉండేది అదే. మొదటి పాట ‘15 స్టెప్’ అయిదు మాత్రల లెక్క. పాశ్చాత్య శ్రోతలు తడబడతారు గానీ ఖండచాపు విన్న చెవికి అది నల్లేరు మీద నడకే. ఆ తర్వాత ‘ఓకే కంప్యూటర్’, వరస మార్చకుండా.

‘కిడ్ ఎ’ని నెల రోజుల తర్వాత మళ్ళీ పట్టుకోండి, ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. మొదటి పాటతో కాకుండా ‘ది నేషనల్ ఆంథెమ్’తో మొదలెట్టండి, ఆ బేస్ వాయించింది థామ్. అదీ ఎక్కకపోతే ‘అమ్నీసియాక్’లో ‘పిరమిడ్ సాంగ్’ పెట్టండి. పియానో ఒక్కటే మోగుతున్నంతసేపూ తాళం వేయాలని చూడకండి, దొరకదు. డ్రమ్స్ వచ్చాక చేయి దానంతటదే పడుతుంది.